విమానయంత్రము సగము బలమున నున్నపుడు



ఆకాశమున పోవుచున్న చిన్న విమానములో ఇంజను ఆగిపోయినచో నా విమానము తత్‌క్షణమే నిట్టనిలువున నేలకూలునని చదువుకొన్నవారిలో సైతము పలువురు నమ్ముచుందురు. ఈ నమ్మకము సత్యము కాదు. విమానమును గాలిలో నిలుపునది ఱెక్క. ఇంజను చేయు పని యా ఱెక్కకు వలసిన వేగమును సమకూర్చుట మాత్రమే. ఇంజను ఆ వేగమును ఈయజాలనపుడు వైమానికుడు విమానము ముక్కును కొంచెము క్రిందికి వంచి, తానున్న యెత్తునే వేగముగా మార్చుకొని, మెల్లగా దిగుచు ముందునకు సాగిపోగలడు. లోకమున మిక్కిలి వాడుకలోనున్న సెస్నా 172 అను నాలుగు ఆసనముల విమానము 65 నాట్ల వేగమును, అనగా గంటకు 120 కిలోమీటర్ల వేగమును చెదరనీయకుండ నిలుపుకొన్నచో, ఇంజను సాయము లేకయే, దిగిన ప్రతి యడుగునకు సుమారు తొమ్మిది యడుగులు ముందునకు పోవును. వేయి అడుగుల యెత్తునుండి రెండున్నర కిలోమీటర్లకు మించిన దూరమును చేరుకొనును. ఆ దూరములో నొక కోసిన పొలమో, ఎండిన చెరువో, బయలో దొరికినచో అందు దిగి ప్రాణములతో లేచి వచ్చిన వైమానికులు ఎందఱో కలరు.

కావున నేటి నా ప్రసంగము ఇంజను పూర్తిగా ఆగిపోవుటను గుఱించి గాదు. అంతకంటె తఱచుగా సంభవించునది, నా దృష్టిలో అంతకంటె నపాయకరమైనది వేఱొకటి కలదు. ఇంజను ఆగదు; సక్రమముగ నడువను నడువదు; తన బలములో కొంత పోగొట్టుకొని మిగిలిన దానితో వణకుచు, ఒకప్పుడు పుంజుకొన్నట్లు కానవచ్చి మరల క్రుంగుచు తిరుగుచుండును. ఆస్ట్రేలియా దేశపు రవాణా భద్రతా సంస్థవారు 2000 మొదలు 2010 వఱకు తమ దేశమున ఒంటి ఇంజను విమానములకు, నేల విడిచిన కొలది సేపటిలో కలిగిన ఇట్టి సంఘటనలను సమకూర్చి పరిశీలించిరి. ఇంజను పూర్తిగా ఆగిపోయినట్లు తెలియవచ్చినవి 75. బలము కొంత తగ్గి కొంత మిగిలినవి 242. పూర్తిగా ఆగిపోయిన 75 సంఘటనలలో ఒక్క ప్రాణమైనను పోలేదు. బలము కొంత మిగిలియున్న 242 సంఘటనలలో తొమ్మిది ప్రాణాంతకములైనవి. 75 చిన్న సంఖ్య యనియు, దానినిబట్టి గట్టి సిద్ధాంతము చేయరాదనియు నేనెఱుగుదును. అయినను బలము బొత్తిగా పోయినవారు బ్రతికి, బలము మిగిలినవారిలో కొందఱు మరణించుట యనునది ఆలోచింపదగిన విషయము.

దీనికి కారణము యంత్రములో వెదకిన దొరకదు, మనిషిలో వెదకవలెను. ఇంజను పూర్తిగా ఆగిపోయినపుడు వైమానికునకు ఎన్నుకొనుటకు ఏమియు మిగులదు. ముక్కు వంచవలెను, ఎదుటనున్న దానిలో మేలైన చోటు చూచుకొనవలెను, దిగవలెను. సగము బలము మిగిలినపుడో, ఆశ మిగులును. వెనుక రెండు కిలోమీటర్ల దూరమున తాను ఇప్పుడే విడిచివచ్చిన చక్కని రన్‌వే యున్నది. ఎదుట ముండ్లకంపయు, గట్లును, ఇండ్లును ఉన్నవి. ఇంజను ఇంకను తిరుగుచునే యున్నది. కొంచెము లాగికొని వెనుకకు మఱలినచో విమానమునకు గీత పడకుండ దిగవచ్చుగదా యని మనస్సు చెప్పును. ఆ మాటను విని తిరుగుట మొదలిడినవాడు, ఎత్తు తగ్గుచుండుట చూచి, నేలకు దూరముగ నుండవలెనను సహజమైన కోరికచేత, తనకు తెలియకయే ముక్కును పైకి ఎత్తును. వేగము క్షీణించును.

వెనుకకు మఱలుట యనిన సగము వలయము తిరుగుట యని కొందఱు తలంతురు. విమానము తిరుగుటకు వెడల్పు కావలెను గనుక, సగము వలయము తిరుగునప్పటికి అది రన్‌వేకు ప్రక్కగ నుండును. దానికి ఎదురుగ వచ్చుటకు 180 డిగ్రీలకు మించి తిరిగి, మరల కొంత వెనుకకు తిప్పుకొనవలెను. అంతియ కాదు. ఎత్తు తగ్గనీయకుండ విమానమును 45 డిగ్రీలు ప్రక్కకు వంచి తిప్పునపుడు, ఱెక్క గాలిపై పట్టు వదలు వేగము, వైమానికులు స్టాల్ వేగమని పిలుచునది, నూటికి 19 వంతులు పెరుగును. 60 డిగ్రీలు వంచినచో నూటికి 41 వంతులు పెరుగును. అనగా, ఏ క్షణమున విమానమునకు ఎక్కువ వేగము అవసరమో ఆ క్షణముననే వేగము తగ్గుచుండును. ఒక ఱెక్క ముందుగా పట్టు వదలును. విమానము ఆ వైపునకు దొరలి గింగిరములు తిరుగుచు పడును. మూడు నాలుగు వందల అడుగుల యెత్తున దానిని సరిదిద్దుటకు వలసిన వ్యవధి ఎంతటి నేర్పరికిని లభింపదు.

బలము తగ్గుటకు ఇంజనులో దోషమే యుండనక్కఱలేదని కూడ ఇచ్చట చెప్పవలసియున్నది. హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయము సముద్రమట్టమునకు 1,742 అడుగుల యెత్తున నున్నది. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరినపుడు అచ్చటి గాలి, శాస్త్రజ్ఞులు ప్రమాణముగ గైకొన్న వాతావరణములో 5,000 అడుగుల పైనుండు గాలి యంత పలుచనైయుండును. సామాన్యపు ఇంజను, పీల్చుకొను గాలి పలుచనైన కొలదిని, వేయి అడుగులకు నూటికి మూడు వంతుల చొప్పున బలమును కోల్పోవును. 110 అశ్వశక్తుల ఇంజను గల సెస్నా 152 శిక్షణ విమానము, ఏ రోగమును లేకయే, ఆ దినమున 95 అశ్వశక్తులకు మించి ఈయజాలదు. అదే పలుచని గాలిలో ప్రొపెల్లరునకు పట్టు తగ్గును, ఱెక్కకు పట్టు తగ్గును. శీతకాలపు ప్రాతఃకాలమున ఇంజను కొంచెము తడబడినను పైకి లేచిపోగల విమానము, ఎండకాలపు మధ్యాహ్నమున అంతే తడబాటుతో చెట్ల కొనలను దాటలేకపోవచ్చును. విద్యార్థి ఈ లెక్కను బయలుదేరుటకు ముందు కాగితముమీద వేసికొనవలెను.

ఇక నిజమైన దోషములలోనికి వత్తము. వానిలో నన్నింటికంటె మోసకారియైనది కార్బురేటరులో, అనగా గాలిని పెట్రోలుతో కలిపి ఇంజనునకు పంపు భాగములో, పేరుకొను మంచు. మంచనగానే మనవారికి హిమాలయములు జ్ఞప్తికి వచ్చును. తెలుగునేలమీద ఇంజనులో మంచెట్లు పుట్టునని సందేహింతురు. కార్బురేటరులో గాలి ఇఱుకైన గొంతుగుండ వేగముగ దూసుకొనిపోవును. ఆ గొంతులోనే పెట్రోలు తుంపరలై చిమ్మబడి ఆవిరియగును. ద్రవము ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిమిని హరించును. మన మట్టికుండలోని నీరు వేసవిలో చల్లబడుట ఈ ధర్మమువలననే. అయితే కార్బురేటరులో ఈ చల్లదనము ఎంత తీవ్రమనగా, లోపలి ఉష్ణోగ్రత ఒక్క పెట్టున 30 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, పడిపోగలదు. వెలుపల 20 డిగ్రీలున్న గాలి లోపలికి వచ్చుసరికి ఘనీభవన స్థానమునకు దిగువకు చేరును. ఆ గాలిలో తేమ విస్తారముగ నున్నచో నది గొంతు గోడలమీదను, లోనికి పోవు మిశ్రమమును అదుపుచేయు థ్రాటిల్ పలకమీదను మంచై పేరుకొని, ఇంజనునకు ఊపిరి యాడనీయదు.

ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు తక్కువగను, తేమ నూటికి 80 వంతులకు ఎక్కువగను ఉన్నపుడు ఈ ప్రమాదము మిక్కుటమని వైమానిక గ్రంథములు చెప్పుచున్నవి. 38 డిగ్రీల వేడిలోను, నూటికి 50 వంతుల తేమలోను గూడ నిది సంభవింపవచ్చునని హెచ్చరించుచున్నవి. శ్రావణ భాద్రపద మాసములలో హైదరాబాదు ఆకాశమును తలచికొనుడు. నేలమీద 24, 25 డిగ్రీలు. రెండు మూడు వేల అడుగులు పైకి పోయినచో 18 నుండి 20. మబ్బుల క్రింద గాలి తేమతో బరువెక్కియుండును. మంచు పుట్టుటకు ఇంతకంటె ననుకూలమైన స్థితిని కోరి సృష్టింపవలెనన్నను కష్టము. గడ్డకట్టు చలిదేశములలో గాలి పొడిగా నుండుటచేత ఈ బాధ ఒక్కొక్కప్పుడు మనకంటె తక్కువగ నుండుట విశేషము.

అది వచ్చు తీరు మఱింత మోసకరమైనది. ప్రొపెల్లరు భ్రమణవేగము నిముషమునకు ఇరువది, ముప్పది చుట్లు తగ్గును. వైమానికుడు ఏ కబురుననో, ఏ పటము చూచుటలోనో యుండి, చేతి యలవాటుచొప్పున థ్రాటిల్‌ను ఒకింత ముందునకు త్రోయును, వేగము సరిపోవును. కొంతసేపటికి మరల తగ్గును, మరల త్రోయును. త్రోయుటకు ఇక చోటు లేనపుడు మేల్కొనును. అప్పటికి గొంతు చాలవఱకు మూసికొనిపోయియుండును. దీనికి విరుగుడు సులభమైనదే. ప్రతి కార్బురేటరు విమానములోను కార్బ్ హీట్ అను మీట యొకటి యుండును. దానిని లాగినచో, కాలిన వాయువులు వెడలు గొట్టము చుట్టును తిరిగి వేడెక్కిన గాలి కార్బురేటరులోనికి వచ్చి మంచును కరగించును. అయితే ఇచ్చట నొక చిక్కు కలదు. వేడిగాలి పలుచనిది గనుక మీట లాగిన వెంటనే బలము మఱికొంత తగ్గును. కరగిన నీరు ఇంజనులోనికి పోవుటచేత అది ముందుకంటె నెక్కువగ వణకును, ఎగిరెగిరి పడును. అనుభవము లేనివాడు తాను చేసిన పనివలననే కీడు మూడినదని బెదరి మీటను మూసివేయును. నివారణమును చేజేతుల త్రోసివేయుట యనగా ఇదియే. ఆ కొలది క్షణములు పండ్లు బిగించి ఓర్చుకొన్నవానికి, నీరంతయు వెడలిపోయి, ఇంజను మరల నిండు గొంతుతో మ్రోగును.

1927 మే 10 వ తేదీ సాయంకాలమున చార్లెస్ లిండ్‌బర్గ్ తన క్రొత్త విమానమును శాన్ డియేగోనుండి సెయింట్ లూయిస్‌కు గొనిపోవుచు, రాత్రివేళ ఆరిజోనా కొండల మీదుగా పోవుచుండగా, 223 అశ్వశక్తుల రైట్ వర్ల్‌విండ్ ఇంజను అకస్మాత్తుగ తడబడి బలము కోల్పోనారంభించెను. క్రింద కొండలు, చీకటి, దిగుటకు తావులేదు. ఆయన తొందరపడక చుట్లు తిరుగుచు ఇంజనును బుజ్జగించుచుండ, కొంతసేపటికి అది తేరుకొనెను. కార్బురేటరులో మంచే కారణమై యుండునని తలపోసి, న్యూయార్కు చేరిన పిమ్మట ఆ గాలిని వేడిచేయు సాధనమును తన ఇంజనునకు అమర్పించుకొనెను. అదే నెల 20 వ తేదీన బయలుదేరి, ఒంటరిగ ముప్పదిమూడున్నర గంటలలో అట్లాంటిక్ మహాసముద్రమును దాటి పారిస్ నగరమున దిగిన ఆయన సాహసమును లోకము కొనియాడినది, కొనియాడవలసినదే. ఆ చిన్న సాధనమును తగిలించుకొన్న వివేకమునకు మాత్రము రావలసినంత కీర్తి రాలేదని నా యభిప్రాయము.

ఈ మంచునకు మఱియొక దుర్గుణము కలదు. విమానము పొలములో పడిన గంటకో, రెండు గంటలకో విచారణాధికారులు వచ్చి చూచునప్పటికి, వేడి ఇంజనులో మంచు కరగి ఆవిరియై పోయియుండును. వారు ఇంజనును విప్పుదురు, పరీక్షింతురు. సర్వము సరిగనే యుండును. ఆనాటి ఉష్ణోగ్రతను, తేమను చూచి, మంచు కారణమై యుండవచ్చునని వ్రాయుట తప్ప వారు చేయగలది లేదు. ఇట్టి సాక్ష్యము లేని యపరాధి గనుకనే దీనిని పలువురు తేలికగ తీసికొనుచుందురు.

ఇంజనుల నిర్మాణమును బట్టియు ఈ బాధ మారును. లైకమింగ్ ఇంజనులలో కార్బురేటరు, వేడి నూనె తొట్టికి అంటి క్రిందుగా బిగింపబడుటచేత, కొంత వెచ్చదనము దానికి సహజముగనే యబ్బును; పాత సెస్నా 150 లోని కాంటినెంటల్ ఇంజనున కాసౌకర్యము లేదు. పెట్రోలును నేరుగ సిలిండర్ల చెంతనే చిమ్ము క్రొత్త ఇంజనులలో కార్బురేటరే లేదు గనుక కార్బురేటరు మంచు బాధయు లేదు. కాని మన శిక్షణాలయములలో కార్బురేటరు విమానములు నేటికిని ఎగురుచున్నవి.

పెట్రోలు మాట క్లుప్తముగ చెప్పెదను. పెట్రోలు అయిపోవుట, ఉన్న ట్యాంకును విడిచి ఖాళీ ట్యాంకునకు మీట త్రిప్పుట, పెట్రోలులో నీరు చేరుట అను మూడును నేలమీద ఆపదగినవి. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక ట్యాంకు అడుగునకు చేరును. వానలో రాత్రియెల్ల ఆరుబయట నిలిచిన విమానమునుండి ఉదయమున అడుగు పెట్రోలును గాజు గొట్టములోనికి దించి వెలుతురులో చూడనివాడు ఎగురుటకు అర్హుడు కాడు. ఇంతకంటె మెత్తగ ఈ మాటను చెప్పుట నాకు చేతకాదు.

పెట్రోలును మండించు నిప్పురవ్వ సంగతి వేఱు. విమానపు ఇంజనులో ప్రతి సిలిండరునకు రెండు స్పార్క్ ప్లగ్గులుండును. ఆ రెండింటికిని వేఱువేఱుగ రెండు మాగ్నెటోలు విద్యుత్తును పంపును. ఒకటి చెడినను రెండవది ఇంజనును నడపును, బలము మాత్రము కొంత తగ్గును. పైకి లేచుటకు ముందు రన్‌వే మొగదల విమానము ఆగి పెద్దగ మ్రోగుట మీరు వినియుందురు. అప్పుడు వైమానికుడు ఒక్కొక్క మాగ్నెటోను ఆపి ఇంజను ఎంత తగ్గునో చూచుచుండును.

ఈ స్పార్క్ ప్లగ్గులతో ముడిపడిన యొక వృత్తాంతము మన దేశపు విమానయాన చరిత్రలో కలదు. ఇంగ్లండునకు, ఇండియాకు నడుమ ఒంటరిగ విమానము నడపిన మొదటి భారతీయునకు 500 పౌనుల బహుమానమిత్తునని ఆగాఖాన్ ప్రకటించియుండెను. 1930 మే నెలలో జె.ఆర్.డి. టాటా కరాచీనుండి పడమరకును, పదునేడేండ్ల ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండునుండి తూర్పునకును ప్రయాణమై పోవుచుండిరి. ఈజిప్టులోని అబూకీర్‌లో దిగిన టాటాకు, స్పార్క్ ప్లగ్గులు చెడి, మాఱు ప్లగ్గులు దొరకక అచ్చటనే చిక్కుకొనియున్న ఆస్పీ కనబడెను. టాటా తనవద్దనున్న మాఱు ప్లగ్గులను పోటీదారుని చేతిలో పెట్టి తన దారిని తాను పోయెను. బహుమానము ఆస్పీకి దక్కెను. ఆ బాలుడే తరువాత, 1960 లో, భారత వైమానిక దళమునకు అధిపతియయ్యెను. ఒంటరి వైమానికుని వద్ద మాఱు ప్లగ్గు లుండుట యెంత విలువైన విషయమో టాటాకు తెలియదనుకొనరాదు. ఎడారిమీద తన ప్లగ్గే చెడియుండినచో ఏమగునో తెలిసియే ఇచ్చినాడు.

చల్లబఱచు నీరును, నూనెయు తగినంతగ తిరుగనిచో ఇంజను తన వేడిలో తానే క్రుంగును. 1919 మే 18 న న్యూఫౌండ్‌లాండునుండి అట్లాంటిక్‌ను దాటుటకు బయలుదేరిన హ్యారీ హాకర్, మెకెన్జీ గ్రీవ్‌లకు ఇదియే జరిగెను. ఇంజనును చల్లబఱచు నీటి మార్గమున అడ్డు తగిలి, నీరు కాగి ఆవిరియగుచుండెను. హాకర్ అదృష్టముపై భారము వేయలేదు. ఇంజను ఇంకను నడచుచుండగనే, సగము దారిలోనే, ఓడలు తిరుగు మార్గమునకు విమానమును మఱల్చి, మేరీ యను డెన్మార్కు ఓడ కనబడువఱకు వెదకి, దాని ముందు సముద్రముమీద దించెను. ఆ ఓడలో వైర్‌లెస్ లేదు. ఇరువురును మరణించిరని యెంచి ఇంగ్లండు రాజు హాకర్ భార్యకు సంతాపమును తెలిపెను. వారము దినముల తరువాత వారు సజీవులని తెలిసినది. మిగిలిన కొలది బలమును ఇంటికి చేరుటకు గాక, దిగుటకు మంచి చోటును వెదకుకొనుటకు వినియోగించిన ఈ హాకర్ నిర్ణయమును ప్రతి వైమానిక విద్యార్థికిని బోధింపవలెనని నా కోరిక.

సగము బలము మిగిలినపుడు చేయవలసినదియు నదియే. ముందుగ ముక్కును వంచి, జాఱుటకు తగిన వేగమును సంపాదింపవలెను. ఆ వేగమున విమానము ఎత్తు నిలుపుకొనుచున్నదా లేదా యని చూడవలెను. నిలుపుకొననిచో ఇంజను లేనట్లే యెంచి ఎదుట దిగవలెను. నిలుపుకొనుచున్నను, ఆ బలము మఱుక్షణమున పోవచ్చునను ఎఱుకతో, దిగదగిన చోట్ల మీదుగనే, కొంచెము కొంచెముగ వంగుచు తిరుగవలెను. వ్యవధి యున్నచో కార్బ్ హీట్‌ను లాగి, ట్యాంకు మార్చి, మాగ్నెటోలను చూడవలెను. ఈ నిర్ణయములను నాలుగు వందల అడుగుల యెత్తున, గుండె కొట్టుకొనుచుండగా చేయుట అసాధ్యము. అవి రన్‌వే మొగదల, చక్రములు నేలమీద నుండగనే, నోటితో పైకి చెప్పుకొని యుండవలెను: ఈ యెత్తునకు లోపల బలము తగ్గినచో ఎదుటనే దిగుదును, ఆ పొలములో దిగుదును అని.

మన శిక్షకులకు నా విన్నపమొకటి కలదు. గురువు హఠాత్తుగ థ్రాటిల్‌ను మూసి, ఇంజను ఆగినది, ఏమి చేయుదువని శిష్యుని అడుగుట అన్ని శిక్షణాలయములలోను ఆచారమే. థ్రాటిల్‌ను సగమే మూసి యడుగుట అరుదు. క్షేమమైన మూడు వేల అడుగుల యెత్తున, భ్రమణవేగమును నిముషమునకు 1,900 చుట్లకు దించి, అట్లే యుంచి, ఎత్తు నిలుచునా నిలువదా, ఎంత వంచి తిరిగిన ఎంత యెత్తు పోవును, ముక్కు ఎత్తిన వేగము ఎంత త్వరగ క్షీణించును అని శిష్యుని చేతనే చెప్పింపుడు. ఒకసారి చలికాలమున, ఒకసారి ఎండకాలపు మధ్యాహ్నమున ఈ పాఠమును చెప్పినచో, రెండింటికిని గల భేదమును అతడు స్వయముగ అంకెలలో వ్రాసికొనును.